సుడిగాలి మీద మన ఊరి పేరు

గిన్నెల మీద పేర్లు చెక్కించే అలవాటు మన ఇళ్ళల్లోకి ఎప్పుడొచ్చిందో గాని, అది లేని ఇల్లు మాత్రం కనిపించదు. పెళ్ళికి వచ్చిన స్టీలు బిందె మీద ఇచ్చినవారి పేరు ఇంటిపేరుతో సహా, తారీఖుతో సహా ఉంటుంది. గుళ్ళో ట్యూబులైటు మీద దాతగారి పేరు ఎంత లావు అక్షరాలతో రాయిస్తారంటే, పాపం వెలుతురు ఆ అక్షరాల సందుల్లోంచి దారి వెతుక్కుంటూ రావాలి. ఫ్యాను రెక్కల మీద రాయించేవారి సంగతి మరీ చిత్రం. ఫ్యాను తిరుగుతున్నంతసేపూ పేరు కనిపించదు. కరెంటు పోయి జనం చెమటలు కక్కుతున్నప్పుడే దాతగారు గుర్తొస్తారు.

ఇంతకీ చెప్పొచ్చేదేమిటంటే, మన హైదరాబాదు పేరు కూడా ఒకప్పుడు ఇలాగే రెక్కలకి అంటుకుంది. గుళ్ళో ఫ్యాను రెక్కలకి కాదు, మొదట యుద్ధ విమానాలకి, ఆ తరవాత హెలికాప్టర్లకి. ఊరికి వేల మైళ్ళ దూరంలో, మలయా అడవుల మీదా బోర్నియో కొండల మీదా దాదాపు పన్నెండేళ్ళపాటు 'హైదరాబాదు' పేరు పెట్టుకున్న సైనిక హెలికాప్టర్ల దళం ఒకటి ఎగిరిందంటే నమ్ముతారా? మన ఊరి పేరు అంత దూరం ఎలా వెళ్ళింది, అందుకు ఖర్చు ఎవరు పెట్టుకున్నారు, ఆ యంత్రాలు చివరికి ఏం పనికొచ్చాయి అన్నది తెలుసుకోదగ్గ కథే.

కథ పాతబస్తీలో మొదలవుతుంది. చార్మినారు నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో పురానీ హవేలీ ఉంది. చూసినవాళ్ళకి అక్కడి బట్టల బీరువా జ్ఞాపకం ఉంటుంది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్‌గారిది. బీరువా అన్నారని మన పడగ్గదిలో బీరువా అనుకునేరు. ఓ పొడుగాటి వసారా అంత ఉంటుంది. ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేసరికి మనం తెచ్చుకున్న నాలుగు చీరలూ నాలుగు జన్మలకి చాలనిపిస్తాయి. ఆ హవేలీలోనే 1886 ఏప్రిల్ 6న ఆయన కొడుకు మీర్ ఉస్మాన్ అలీఖాన్ పుట్టారు. 1911లో ఏడో నిజాముగా గద్దెనెక్కారు. చౌమహల్లా ప్యాలెస్‌లో దర్బారు తీర్చారు.

తండ్రి ఎంత షోకిలానో కొడుకు అంత పొదుపరి అని చెప్పుకునేవారు. మాసిన షేర్వానీ, చవక సిగరెట్లు, బల్ల మీద కాగితాలు ఎగరకుండా మాత్రం కోడిగుడ్డంత వజ్రం! 1937లో అమెరికా వాళ్ళ 'టైం' పత్రిక ఆయన బొమ్మని అట్టమీద వేసి, ప్రపంచంలోకెల్లా ధనవంతుడని రాసింది. అలాంటి మనిషి దానం చేసిన వస్తువులు చూస్తే మాత్రం కళ్ళు తిరుగుతాయి. అందులో ఒకటి విమానాల దళం.

1914లో మొదటి ప్రపంచ యుద్ధం వచ్చింది. ఇంగ్లీషువాళ్ళకి ఎదుటి పక్షాన టర్కీ సుల్తాను ఉన్నాడు. ముస్లిములకి ఆయన ఖలీఫా. అందుకని ఇక్కడి ముస్లిములు ఎటు మొగ్గుతారోనని ఢిల్లీలో దొరలకి గుబులు పట్టుకుంది. అలాంటప్పుడు నిజాంగారు ఇంగ్లీషువాళ్ళ పక్షాన గట్టిగా నిలబడ్డారు. హైదరాబాదు రౌతుల దళం సముద్రం దాటి ఈజిప్టుకి, పాలస్తీనాకి వెళ్ళింది. ఢిల్లీలో తీన్‌మూర్తి దగ్గర మూడు సైనికుల విగ్రహాలు చూసే ఉంటారు. ఆ ముగ్గురూ హైదరాబాదు, మైసూరు, జోధ్‌పూరు సంస్థానాల రౌతులకు గుర్తు. ఇంత చేసినందుకు 1918లో నిజాంగారికి ఓ ప్రత్యేక బిరుదు వచ్చింది. మిగతా రాజులందరూ వట్టి 'హిజ్ హైనెస్'లే, ఈయనొక్కరే 'హిజ్ ఎగ్జాల్టెడ్ హైనెస్'. దానితోబాటు 'నమ్మకమైన మిత్రుడు' అన్న మాట కూడా.

ఆ యుద్ధ కాలంలోనే హైదరాబాదు నుంచి బ్రిటిషు వైమానిక దళానికి ఓ కానుక వెళ్ళింది. స్క్వాడ్రన్ అంటారే, అంటే ఓ పటాలానికి సరిపడా విమానాలు, ఆ మొత్తానికి సొమ్ము నిజాంగారు ఇచ్చారు. దళం నంబరు 110. అప్పట్నుంచి దాని పేరు '110వ హైదరాబాదు స్క్వాడ్రన్'.

డబ్బు ఎవరిదన్నది ఇక్కడే కాస్త ఆలోచించాలి. రాజుగారి సొంత ఖజానా అనండి, దివాణం ఖజానా అనండి, అందులోకి వచ్చే ప్రతి హాలీ సిక్కా రూపాయికీ మూలం పొలంలోనే ఉంది. నల్గొండలోనో, వరంగల్లులోనో, మెదక్కులోనో ఓ రైతు శిస్తు కట్టాడు. ఆ శిస్తు కట్టడానికి ఆయన ఇల్లాలు ఆ ఏడు జొన్నలు కొంచెం తక్కువ దంచుకుని ఉంటుంది. పాతబస్తీలో 1908 మూసీ వరద మిగిల్చిన గాయాలు ఇంకా మానలేదు. మళ్ళీ అలాంటి ముప్పు రాకుండా గండిపేట చెరువు కడుతున్నారు. అదీ ఈ ప్రభువు కాలంలోనే, ఆ మాట చెప్పుకోకపోతే తప్పు. ఉస్మానియా విశ్వవిద్యాలయానికి పునాది పడింది కూడా 1918లోనే. అదే ఏడు విషజ్వరం దేశమంతా ఊళ్ళకి ఊళ్ళు ఊడ్చేసింది. ఇన్ని అవసరాల మధ్య విమానాలకి సొమ్ము వెళ్ళింది. వద్దనడానికి గాని, ఎంత అని అడగడానికి గాని శిస్తు కట్టినవాళ్ళకి దారి లేదు.

ఇప్పుడు ఆ విమానాల సంగతి. వాటి పేరు డీహెచ్ 9ఎ. ఇద్దరు కూచునే బాంబు విమానం. నాలుగువందల అశ్వశక్తి గల అమెరికా ఇంజను. మిగతాదంతా చాలావరకు కొయ్యా, గుడ్డా! అవునండీ, గుడ్డే. కొయ్య చట్రం మీద నారగుడ్డ బిగించి కుట్టి, ఆ పైన బిగుసుకునేందుకు వార్నీషులాంటి మందు పూసేవారు. ఆ యుద్ధంలో మగవాళ్ళంతా సరిహద్దులకి వెళ్ళిపోతే ఇంగ్లండు కార్ఖానాల్లో ఈ రెక్కల గుడ్డలు కుట్టింది ఆడవాళ్ళే. ఇక్కడ ఓ ఇల్లాలి జొన్నలు, అక్కడ ఓ ఇల్లాలి సూదీ దారమూ కలిస్తే విమానం అయింది. దాని మీద పేరు మాత్రం నిజాంగారిది. ఒక్కొక్క విమానం పక్కనా 'హైదరాబాదు నిజాం ప్రభువులు బహూకరించినది' అన్న అర్థంతో ఇంగ్లీషులో రాసి, వరసగా హైదరాబాదు నంబర్లు వేశారు. అచ్చం మన బిందెల మీద లాగే.

1918 ఆగస్టు ఆఖర్న ఆ దళం ఫ్రాన్సు చేరింది. పని, జర్మనీ ఊళ్ళ మీదా రైలు దారుల మీదా బాంబులు వేయడం. వెళ్ళినవి చాలా తిరిగి రాలేదు. అలా తిరిగి రానివాటిలో ఒకదాని జాతకం మాత్రం విచిత్రం. దాని నంబరు ఎఫ్ 1010. ఇంగ్లండులో యెవొవిల్ అనే ఊళ్ళో వెస్ట్‌లాండ్ కంపెనీవాళ్ళు తయారుచేసింది. ఆ కంపెనీ పేరు కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ వస్తుంది. దాని మీద రాసిన పేరు 'హైదరాబాదు నంబర్ 12ఎ'. 1918 అక్టోబరు 5న దాడికి వెళ్ళి శత్రువు నేల మీదే దిగిపోవాల్సి వచ్చింది. అందులో ఉన్న ఇద్దరూ ఖైదీలయ్యారు. ఇంకో నెలా వారం రోజులకి యుద్ధమే అయిపోయింది.

జర్మన్లు ఆ విమానాన్ని విరగ్గొట్టలేదు. తీసుకెళ్ళి బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండో యుద్ధంలో ఆ మ్యూజియం మీదే బాంబులు పడితే, సామానంతా తూర్పుకి తరలించారు. అలా అది పోలండులో తేలి, క్రాకో ఊరి మ్యూజియానికి చేరింది. 1977లో ఇంగ్లండువాళ్ళు ఓ స్పిట్‌ఫైర్ విమానం పోలండువాళ్ళకిచ్చి, దీన్ని పుచ్చుకున్నారు. పాత ఇత్తడి బిందె ఇచ్చి స్టీలు సామాను తీసుకున్నట్టు అనుకోండి. మరమ్మతులు చేయించి తమ వైమానిక దళం మ్యూజియంలో నిలబెట్టారు. నిజాంగారి జూబిలీకి నలుగురూ ఇచ్చిన వెండి కానుకలు పురానీ హవేలీ మ్యూజియంలో ఉన్నాయి. ఆయన ఇచ్చిన కానుక మాత్రం ఇంగ్లండులో ఉంది.

రెండో ప్రపంచ యుద్ధంలో 110తోబాటు మరో రెండు దళాలకి మన ఊరి పేరు వచ్చింది, 152కీ, 253కీ. 152వ దళం బిళ్ళ మీద బొమ్మేమిటో తెలుసా? నిజాం ధరించే తలపాగా! దాని కింద ఉన్న మాట 'నమ్మకమైన మిత్రుడు'. 1940లో ఇంగ్లండు దక్షిణ తీరం మీద స్పిట్‌ఫైర్లలో జర్మన్లతో పోరాడిన కుర్రాళ్ళ దళానికి గుర్తు మన పాతబస్తీ దర్బారు తలపాగా. ఇక 110 సంగతి. బ్రిటను యుద్ధం ప్రకటించిన మర్నాడే, 1939 సెప్టెంబరు 4న, జర్మనీ యుద్ధనౌకల మీద బాంబులు వేయడానికి వెళ్ళిన మొదటి దళాల్లో అదొకటి. తరవాత దాన్ని తూర్పుకి పంపారు. బర్మా యుద్ధం అయ్యాక సామాన్లు మోసే విమానాలు ఇచ్చారు. మలయా అడవుల్లో ఉన్న సైనికులకి పైనుంచి తిండి మూటలు జారవిడవడం దాని పనయింది.

ఈ లోపల ఇక్కడేమైందో మీకు తెలుసు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్య జరిగింది, హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. 1956 నవంబరు 1న భాషల వారీగా రాష్ట్రాలు ఏర్పడ్డాయి. తెలుగు జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, మరాఠీ, కన్నడం జిల్లాలు అటూ ఇటూ వెళ్ళిపోయాయి. హైదరాబాదు రాజ్యం అన్నది పటంలోంచి చెరిగిపోయింది. అయినా బిందె మీద పేరు చెరగలేదు. 1959 జూన్ 3న కౌలాలంపూరులో 110వ హైదరాబాదు స్క్వాడ్రన్ మళ్ళీ కొత్తగా పుట్టింది. ఈసారి దాని చేతికి వచ్చినవి హెలికాప్టర్లు.

హెలికాప్టరంటే ఇప్పుడు పిల్లలు కూడా తల తిప్పి చూడరు గాని, ఆ రోజుల్లో అదింకా ప్రయోగమే. ఎగురుతుందని తెలుసు. ఎండలో, వానలో, అడవిలో, బరువుతో, రోజూ ఎగురుతుందా అన్నది తెలియదు. ఆ పరీక్షకి మలయా బడి అయింది. అక్కడ 1948 నుంచి అడవుల్లో కమ్యూనిస్టు గెరిల్లాలతో బ్రిటిషువాళ్ళ యుద్ధం నడుస్తోంది. అడవిలో సైనికుడికి గాయమైతే నలుగురు డోలీ కట్టి మొయ్యాలి. రోడ్డెక్కేసరికి రోజులు పట్టేది. ఆ లోపల చాలామంది డోలీలోనే పోయేవారు. అందుకని 1950లో మూడు హెలికాప్టర్లు తెప్పించి, గాయపడినవాళ్ళని మోసుకురావడానికే ఓ చిన్న దళం పెట్టి చూశారు. ఆ హెలికాప్టర్ పేరు 'డ్రాగన్‌ఫ్లై', అంటే మన తూనీగ. చేసింది ఎవరనుకున్నారు? యెవొవిల్ ఊరి వెస్ట్‌లాండ్‌వాళ్ళే. హైదరాబాదు పేరుతో బాంబు విమానం చేసిన కార్ఖానాలోంచే గాయాలు మోసే తూనీగ వచ్చింది.

హెలికాప్టరు ఎలా ఎగురుతుందో చెప్పమంటే ఇంజనీర్లు పలకా బలపం తీస్తారు. మజ్జిగ చిలికిన చేతులకి అంత అక్కర్లేదు. పైన తిరిగే రెక్కలు కవ్వం అనుకోండి. కవ్వం తిప్పుతుంటే కుండ కూడా గిర్రున తిరగబోతుంది కదా? అందుకని రెండు పాదాల మధ్యో, కుదురులోనో కుండని గట్టిగా బిగిస్తాం. హెలికాప్టరు తోక చివర చిన్న పంకా ఉంటుందే, దాని పని కుండని పట్టుకోవడం. అది ఆగిపోయిందంటే పైన కవ్వం ఓ వైపూ, కింద మనుషులున్న కుండ ఇంకో వైపూ తిరగడం మొదలెడతాయి.

ఇక మలయా వేడి. చిక్కటి పెరుగులో కవ్వానికి పట్టు దొరుకుతుంది. నీళ్ళ మజ్జిగలో ఎంత తిప్పినా చేతికి ఏమీ తగలదు. గాలీ అంతే. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, వేడి గాలి పలచబడిపోతుంది. ఇంగ్లండు చలిలో ఇంతమందిని మోయగలదని కాగితం మీద రాసుకున్న లెక్క, మలయా మధ్యాహ్నం పూట చెల్లేది కాదు. చుట్టూ నూటయాభై, రెండువందల అడుగుల చెట్లు. వాటి మధ్య నరికిన ఖాళీలో నూతిలోకి దిగినట్టు దిగాలి. పైకి లేచేటప్పుడు ఇద్దర్ని ఎక్కించుకోవాలా ముగ్గుర్నా అన్నది పైలటు అప్పటికప్పుడు, ప్రాణం మీద పందెం వేసి తేల్చుకోవాలి. ఇలా ఒక్కొక్క ఎగురుడుతోనూ పాఠం నేర్చుకుంటూ, 1953లో తూనీగల బృందాన్ని పూర్తి స్థాయి దళంగా మార్చారు. అది 194వ దళం. మరుసటేడు 155వ దళం తోడొచ్చింది. ఆ రెంటినీ 1959లో కలిపేసి పెట్టిన పేరే మన 110.

ఆ దళానికి రెండు రకాల హెలికాప్టర్లు. ఒకటి 'వర్ల్‌విండ్', అంటే సుడిగాలి. ఇది కూడా వెస్ట్‌లాండ్‌వాళ్ళదే, అమెరికావాళ్ళ సికోర్‌స్కీ నమూనా మీద చేసింది. రెండోది 'సికమూర్', అదో చెట్టు పేరు. దాని గింజలకి రెక్కలుంటాయి. గాలికి రాలేటప్పుడు గిరగిరా తిరుగుతూ దిగుతాయి. దీన్ని రూపొందించింది రౌల్ హాఫ్‌నర్ అనే ఆస్ట్రియా ఇంజనీరు. మొదటిసారి ఎగిరింది 1947లో. చక్కగా, చురుగ్గా ఉండేది గాని దాని రెక్కలు కొయ్యవి. వానాకాలం వస్తే మన ఇంట్లో తలుపులు ఉబ్బిపోయి గడియ పడదు. మలయాలో ఏడాదంతా వానాకాలమే. ఆ వేడికీ తేమకీ కొయ్య రెక్కలు చెడిపోయి ప్రమాదాలు జరిగాయి. మనుషులు పోయారు. 1959లో ఆ రకం హెలికాప్టర్లని కొంతకాలం నేల మీదే కట్టేయాల్సి వచ్చింది. లోకంలో కొత్త యంత్రం ఏదైనా ఇంతే. దాని లోపాలు పుస్తకం చెప్పదు, వాడినవాళ్ళ ప్రాణాలు చెబుతాయి. తరవాత 1960లలో సుడిగాలికి టర్బైన్ ఇంజను పెట్టారు. అప్పుడుగాని నీళ్ళ మజ్జిగలో కవ్వానికి బలం రాలేదు. కొయ్య రెక్కల సికమూర్లు 1964కల్లా దళంలోంచి తప్పుకున్నాయి.

హైదరాబాదు పేరు మోసిన ఈ హెలికాప్టర్లు ఏం చేశాయంటే, మంచీ చేశాయి, చెడ్డా చేశాయి. అడవి లోపలికి సైనికుల్ని దింపాయి, గాయపడినవాళ్ళని ఆసుపత్రికి చేర్చాయి. 1963 నుంచి 66 దాకా బోర్నియోలో ఇండోనేషియాతో తగాదా నడిచినప్పుడు, రోడ్డు అన్నది లేని కొండల్లో దళమంతా వీటి మీదే ఆధారపడింది. సైనికులే కాదు, అక్కడి గూడేల్లో రోగులు కూడా వీటిలో ఆసుపత్రులకి వెళ్ళారు. ఇదంతా ఒక వైపు. ఆ మలయా యుద్ధంలోనే గెరిల్లాలు అడవిలో దాక్కుని పండించుకునే కూరగాయల మళ్ళ మీద హెలికాప్టర్ల నుంచి మందు చల్లి మాడ్చేసిన సందర్భాలూ ఉన్నాయి. కడుపు మాడితే బయటికొస్తారని లెక్క. యంత్రానికి డోలీ మోయడమూ తెలుసు, కూరమడి మాడ్చడమూ తెలుసు. ఏది చెయ్యాలన్నది దానికి తెలియదు. అది మనుషులు చెప్పాలి.

ఇంకో మాట. ఆ మలయాలో మనవాళ్ళు కూడా ఉన్నారు. విశాఖపట్నం, శ్రీకాకుళం వైపు నుంచి రబ్బరు తోటలకీ కొబ్బరి తోటలకీ కూలికి వెళ్ళినవాళ్ళూ, వాళ్ళ పిల్లలూ. 1955లో అక్కడ తెలుగువాళ్ళంతా సంఘం కూడా పెట్టుకున్నారు. తోటలో రబ్బరు పాలు తీస్తున్న ఓ తెలుగు అమ్మ, నెత్తిన చప్పుడు వినిపించి తలెత్తి చూసే ఉంటుంది. పైన ఎగిరేదాని దళానికి హైదరాబాదు పేరుందని ఆమెకి తెలిసే దారి లేదు. ఆ పేరుకి సొమ్ము కట్టిన నల్గొండ రైతుకి, అది మలయాలో ఎగురుతోందనీ తెలియదు. పేరు ఇద్దరి నెత్తి మీంచీ వెళ్ళిపోయింది.

1967 ఫిబ్రవరి 24న నిజాంగారు కన్నుమూశారు. జనం తండోపతండాలుగా వచ్చారు. 1971 ఫిబ్రవరిలో, సింగపూరులో 110వ హైదరాబాదు స్క్వాడ్రన్‌ని రద్దు చేశారు. అదే ఏడాది డిసెంబరులో మన పార్లమెంటు రాజభరణాలని రద్దు చేసింది. రాజుగారి భత్యమూ, రాజుగారి పేరుతో ఎగిరిన దళమూ ఒక్క ఏడాదిలోనే ముగిశాయి. ఇది ఎవరూ కలిపి చేసింది కాదు గాని, కాలం అప్పుడప్పుడు పద్దులన్నీ ఒకే రోజు కూచుని సరిచూస్తుంది.

మరి మనకి హెలికాప్టర్లు? మన వైమానిక దళానికి మొదటి హెలికాప్టరు 1954లో వచ్చింది. సికోర్‌స్కీ ఎస్-55. మలయాలో ఎగిరిన సుడిగాలి ఏ నమూనా మీద చేశారో, అదే ఇది. 1965 నుంచి బెంగుళూరులో 'చేతక్'లు తయారయ్యాయి. 1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నీళ్ళ మధ్య మిట్టల మీద మిగిలినవాళ్ళకి పైనుంచి అన్నం పొట్లాలు పడ్డాయి. ఆ తరంవాళ్ళకి హెలికాప్టరు చప్పుడంటే ఇప్పటికీ అదే జ్ఞాపకం. మలయా అడవిలో గాయాలు మోస్తూ నేర్చుకున్న విద్యే అది. ఆ పాఠాలకి మొదట ఫీజు కట్టినవాళ్ళలో మన పల్లెలు కూడా ఉన్నాయన్నమాట, తెలియకుండానే.

ఇప్పుడు మళ్ళీ పాతబస్తీ వైపు రండి. సంతోష్‌నగర్ దాటి చాంద్రాయణగుట్ట వైపు వెళ్తే కంచన్‌బాగ్ వస్తుంది. పేరు వింటే తోట అనిపిస్తుంది గాని, అక్కడ ఎత్తయిన గోడల వెనక దేశ రక్షణ ప్రయోగశాలలున్నాయి. క్షిపణుల ప్రయోగశాల డి.ఆర్.డి.ఎల్. అక్కడే. 1982లో అబ్దుల్ కలాంగారు దానికి డైరెక్టరుగా వచ్చారు. అక్కడ రూపుదిద్దుకున్న 'నాగ్' క్షిపణిని హెలికాప్టరు నుంచి వదిలేలా మార్చి 'హెలినా' అని పేరు పెట్టారు. దాని పరీక్షలకి మన సొంత హెలికాప్టరు 'ధ్రువ్' పనికొచ్చింది. 2021 ఫిబ్రవరిలో ఎడారిలోనూ, 2022 ఏప్రిల్లో ఎత్తయిన కొండల మీదా ఎగిరి పరీక్షించారు. అలాంటప్పుడు హెలికాప్టరు ఆయుధం మాత్రమే కాదు, ఎగిరే ప్రయోగశాల. 1959లో మలయా వేడిలో రెక్కకి ఏమవుతుందో తెలియక మనుషులు పోయారు. ఇప్పుడు ఎండలోనూ మంచులోనూ ముందే ఎగరేసి చూసి, లెక్కలు రాసుకుని, ఆ తరవాతే సిపాయి చేతికిస్తారు.

దీనికంటే మనసుకి హాయిగా ఉన్న పరీక్ష శ్రీహరికోట దగ్గర జరిగింది. 2025 ఆగస్టు 24న వైమానిక దళం వారి 'చినూక్' అనే పెద్ద హెలికాప్టరు ఓ బరువుని మూడు కిలోమీటర్ల ఎత్తుకి మోసుకెళ్ళి వదిలింది. ఆ బరువు బాంబు కాదు. గగన్‌యాన్‌లో మన వ్యోమగాములు కూచునే గది నమూనా, దాదాపు 4.8 టన్నులు. గొడుగులు విప్పుకుని మెల్లగా సముద్రంలో దిగింది. పైకి వెళ్ళిన బిడ్డ క్షేమంగా కిందికి దిగే దారి ఉందా అని చూసుకోవడమే ఆ పరీక్ష. సైనిక హెలికాప్టరు చేత చేయించదగ్గ పనుల్లో ఇంతకంటే మంచిది ఏముంటుంది?

ఈ హెలికాప్టర్ల మీద దాతగారి పేరు ఉండదు. ఎందుకంటే దాత ఒకరు కాదు. అగ్గిపెట్టె కొన్నా, సబ్బు కొన్నా, చీర కొన్నా మనం కట్టే పన్నులో ఓ పైసా అటు వెళుతుంది. 1918లో శిస్తు కట్టిన ఇల్లాలికీ మనకీ తేడా ఒక్కటే. ఆమె పైసా ఎటు వెళ్ళిందో ఆమెకి చెప్పినవాళ్ళు లేరు, ఆమె అడిగితే వినేవాళ్ళూ లేరు. మన పైసా లెక్క ఏటేటా ఫిబ్రవరిలో బడ్జెట్టుగా పార్లమెంటు ముందుకొస్తుంది. పేపర్లో పడుతుంది. మనం ఆ పేజీ తిప్పేసి సీరియల్ దగ్గరకి వెళ్ళిపోతాం.

కూరల మనిషి దగ్గర అర్ధరూపాయి తేడాని వదలనివాళ్ళం, పాలవాడి చీటీలో ఒక్క పూట ఎక్కువ రాస్తే పట్టుకునేవాళ్ళం. ఆ పేజీ కూడా ఓసారి చూడాలి. డోలీ మోయడానికి ఎంత, కూరమడి మాడ్చడానికి ఎంత అని అడగాలి. అడిగే హక్కు వచ్చి చాలా ఏళ్ళే అయింది. దాన్ని మాత్రం పెళ్ళికొచ్చిన వెండి గిన్నెలాగా వాడకుండా బీరువాలో దాచిపెట్టుకున్నాం.